గాజుగిన్నెలో చీటీ

అత్తయ్యకు,

ఫోన్‌లో మీతో మాట పెగలదు, అందుకే రాస్తున్నాను. మత్తుమందు మానేదాకా మీ గడప తొక్కొద్దని మీ అబ్బాయితో అన్నారు. చార్లెస్టన్ క్లినిక్‌లో మానినట్టు పరీక్షలో తేలిన ప్రతిసారీ గిన్నెలోంచి ఒక చీటీ తీయనిచ్చి, అందులో ఉన్న బహుమతి ఇస్తారని నేను చెబితే, "కుక్కకు బిస్కెట్ వేసినట్టా?" అన్నారు. అది విని మీ వేడ్ పగలబడి నవ్వారు. "మానితే ఎప్పటికో బాగుపడతావనేవాళ్లే అందరూ. మత్తు సుఖం అప్పటికప్పుడే కదే! ఈ చీటీ కూడా అంతే. అమ్మనూ ఒకటి తియ్యమను!" అన్నారు.

నిన్న కూడా ఆయన మూత్రపరీక్షలో మత్తు లేదని తేలింది. నర్సు చీటీల గాజుగిన్నె చాపింది. ఆయన తీసిన చీటీలో బహుమతి లేదు, "శభాష్" అని మాత్రం ఉంది. ఆయన డీలాపడతారనుకున్నాను. ఆయన మాత్రం దాన్నెత్తి గదిలో ఉన్నవాళ్లకు చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆదివారం ఆయన్ను తీసుకొస్తున్నాను. అడగడం లేదత్తయ్యా, చెబుతున్నాను. కోడి ఎక్కువగా వేయించండి, ఇప్పుడాయనకు బాగా ఆకలేస్తోంది.

మీ కోడలు