ఎడమచేతి వైపు బెల్లు

వజ్రపుకొత్తూరు,
13-11-2024, బుధవారం.

ఈరోజు పనులు: మంచినీళ్లు రెండు బిందెలు పట్టాను, అత్తయ్యకు ఉప్పు లేకుండా వేరుగా వండాను, రాలిన కొబ్బరికాయలు ముప్పై ఒకటి ఏరించాను, ప్రహరీ గోడ తడిపాను.

గృహప్రవేశం మర్నాడే పారాదీప్ పోర్టు డ్యూటీకి వెళ్లిపోయిన మీకు దుర్గ నమస్కారాలు. పిల్లలూ నేనూ క్షేమం. అత్తయ్య వారానికి మూడుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుని వస్తున్నారు. ఫోనులో ఈ సంగతులు చెప్పలేను, ఆవిడ పక్కనే ఉంటారు.

మీరు అడిగిన వాటికి జవాబులు రాస్తున్నాను. నెట్ వైరు, గేటు కెమెరా వైరు కరెంటు పైపులో కలపలేదు. జానెడు ఎడంగా వేరే పైపు వేయించాను. ప్లాస్టరింగ్‌కు ముందే ప్రతి గోడనూ ఫొటో తీసి పెట్టాను. అత్తయ్య మంచం దగ్గర నొక్కితే వంటింట్లో మోగే బెల్లు పనిచేస్తోందా అన్నారు. మోగుతోంది.

కానీ దాన్ని నేను తప్పు చోట పెట్టించాను. మంచం కాళ్ల వైపు నిలబడి, నా కుడిచేతి పక్క గోడ మీద గుర్తు పెట్టాను. పడుకున్న మనిషికి అది ఎడమ అవుతుందని తోచలేదు. ఎలక్ట్రీషియన్ వెంకటేష్ వైరు కోసం గోడకు గాడి కోసే ముందే అడిగాడు.

"అప్పా, ఇది మామ్మకి సూదులు గుచ్చే సెయ్యి కదేటి?"

మేస్త్రీలందరి ముందూ, కొలతలు రాసింది నేను, నువ్వు గోడ కొయ్యి అన్నాను. సాయంత్రానికి నా తప్పు నాకే తెలిసింది. గాడి ఇంకా పూడ్చలేదు. అయినా మార్పించకుండా అలాగే పూడ్పించాను.

మొన్న శనివారం పలాస నుంచి వచ్చాక నేను మిక్సీ వేస్తున్నాను. ఎంత పిలిచినా నాకు వినపడకపోవడంతో, అత్తయ్య సూదులు తీసి కట్టు కట్టిన ఎడమచేతినే చాచి బెల్లు నొక్కారు. కట్టు జారి దుప్పటంతా రక్తం. అదిమి పట్టుకుని పలాస తీసుకెళ్లాను. ప్రమాదం లేదన్నారు. మంచం కోడు తగిలిందని ఆవిడ అందరికీ చెబుతున్నారు.

ఈరోజు వెంకటేష్ వచ్చి, కుడిచేతికి అందేలా పొడుగు వైరుతో ఇంకో స్విచ్చి వేలాడదీశాడు. ఆవిడ దాన్ని ముట్టుకోవడం లేదు. చేతిలో పెడితే దిండు కిందికి తోసేస్తున్నారు.

"అది మోగితే నువ్వు బెదిరిపోతన్నావే అమ్మీ. నాకొద్దు" అన్నారు.

పొయ్యి తగ్గించి మాటిమాటికీ వెళ్లి చూసి వస్తున్నాను. తోటలో ఉన్నప్పుడు ఏం చెయ్యాలో తెలియడం లేదు. మీకేమైనా తోస్తే రాయండి.

వెంకటేష్ వెళ్లేటప్పుడు, అతను చెప్పిందే నిజమని అత్తయ్య వింటుండగా ఒప్పుకున్నాను. అతని బాకీ ఒక్కటే తీరింది.

ఇట్లు,
మీ భార్య,
దుర్గాదేవి