మేనమామ కత్తెర

కోస్గి,
శుక్రవారం.

బావకు భాగ్యలక్ష్మి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. మామ క్షేమం, అత్త క్షేమం, నువ్వు ఇంటి దగ్గర విడిచిపోయిన ఆరు గొర్రెలు క్షేమం. మన బిడ్డ నవనీత సంగతి అడిగావు కాబట్టి ఈ ఉత్తరం చివరిదాకా చదువు. మేతకు పోయిన కృష్ణ ఒడ్డున నువ్వూ మందా బాగున్నారని తలుస్తున్నాను.

రాంచందర్ చిన్నాయన రేపు మీకు బియ్యం తెస్తున్నాడు. ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. ఫోను చేయొచ్చు కదా అంటావు. ఫోను మామ జేబులో ఉంటుంది. స్పీకరు పెట్టనిదే ఆయనకు వినపడదు, పెడితే వాడకంతా వినపడుతుంది. నేను చెప్పేది వాడకు సంబంధించింది కాదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నల్లమూతి గొర్రె ఈనింది. ఒక్కటే పిల్ల, పొట్టేలు. మొదట దగ్గరికి రానీయలేదు. అత్త రెండు రోజులు తల్లి కాళ్లు పట్టుకొని పాలు తాగించింది, ఇప్పుడు రానిస్తోంది. కందులు కొట్టడం అయిపోయింది. నవనీత కూర్చుంటోందా అని అడిగావు. గోడకు దిండు ఆనిస్తే కూర్చుంటుంది. పాలు తాగుతూ తాగుతూ మధ్యలో విడిచిపెడుతుంది, కడుపు నిండి కాదు, ఊపిరి చాలక. నుదురంతా చెమట. ఈ చలిలో మనం గొంగడి కప్పుకొని వణుకుతుంటే దానికి చెమట, బావా. అయినా నన్ను చూసి నవ్వుతుంది. ఆ నవ్వుకే నాకు ఎక్కువ ఏడుపొస్తుంది.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "దవాఖానల ఉన్నప్పుడు అంటుముట్టు ఏమన్న తప్పినవా? దేవునికి కోపమొచ్చే పని ఏమన్న జరిగిందా?" అని రాశావు. చదివి ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టబోయాను. బిడ్డ గుండెలో రెండు గదుల నడుమ గోడకు రంధ్రం ఉన్నది. అది నా కడుపులో ఉన్నప్పటి నుంచే ఉన్నదని డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. నువ్వు పక్కనే కూర్చొని తల ఊపావు. అక్కడ ఊపిన తల కృష్ణ ఒడ్డుకు చేరేసరికి మారిపోయిందా? తప్పు వెతకాలంటే మొదట ఆడదాని కొంగే ఎందుకు దులుపుతారు మీరు?

ఆపరేషన్ తారీఖు ఇచ్చారు. ఫిబ్రవరి రెండు, గురువారం. ముందురోజే పట్నం దవాఖానలో చేరాలి. ఈ మాట చెప్పగానే మామ బీడీ ఆర్పి ఏమన్నాడో విను.

"తలమీద కత్తెర పడకముందు ఎదమీద కత్తి పడొద్దు. మల్లన్నకు మొక్కిన ఎంటికెలు గవి. ఉగాది ముందటి జాతరల తీపిచ్చినంక ఎటన్న తీస్కపోండ్రి."

"అన్ని దినాలు ఆగొద్దంటాంది డాక్టరమ్మ. ఊపిరితిత్తుల మీద భారం పడుతాందట మామా."

"డాక్టరమ్మకు మల్లన్న ఎర్కనా?"

అరుగు మీద కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు అవునవునన్నారు. వాళ్ల ఇళ్లలో పిల్లలు దుక్కల్లా ఉన్నారు, వాళ్లదేం పోయింది! నువ్వేమో "బాపు చెప్పినట్టు చెయ్యి, నేను జాతరకు వస్త" అని ముందే రాసి చేతులు దులుపుకున్నావు. చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఎక్కువ ఆలస్యమైతే రంధ్రం మూసినా ఫలితం ఉండకపోవచ్చని డాక్టరమ్మ నా మొహం మీదే చెప్పింది.

ఒక్కటి అడుగుతాను, జవాబు చెప్పు. మందలో గొర్రె తల వేలాడేస్తే జాతర దాకా ఆగుతావా? ఆ పూటే పట్టుకొని సూది వేయిస్తావు. పోయినేడు మందకు గాలికుంటు రోగం వస్తే మందు కోసం జడ్చర్ల దాకా బండి మీద ఉరికినవాడివి. అప్పుడు మల్లన్నకు కోపం రాలేదు. గొర్రెకు లేని అడ్డం నా బిడ్డకెందుకు?

నేను దేవుణ్ణి కాదంటున్నానని అనుకోకు. పుట్టిన మూడో దినం బిడ్డ పాలు పట్టకపోతే, మల్లన్నా, తల వెంట్రుకలు నీకిస్తానని మొక్కింది నేను, మామ కాదు. ఇప్పటికీ ఆదివారాలు ఒక్కపొద్దు ఉంటున్నాను. కోపమొస్తే మల్లన్నతోనే కొట్లాడతాను, ఇంత చిన్న గుండెకు అంత రంధ్రమేమిటని. కానీ వెంట్రుకలు అందేదాకా పసిదాని ఊపిరి పట్టుకొని కూర్చునే దేవుడని మాత్రం నమ్మను. అట్లా నమ్మేవాళ్లదే తక్కువ భక్తి అంటాను.

ఇప్పుడు ఐదు నెలలుగా దాచిన మాట చెప్తాను. శ్రావణంలో నిమ్ము చేసి బిడ్డను దవాఖానలో పెట్టినప్పుడు, నువ్వు కాగితాలు పట్టుకొని కింద వరుసలో నిలబడ్డావు. పైన సూది పెట్టడానికి నరం దొరకలేదు. చేతులు చూశారు, పాదాలు చూశారు, నాలుగు చోట్ల గుచ్చారు. బిడ్డకు ఏడ్చే ఓపిక కూడా లేదు, మూలుగుతోంది. సూదులు వేసే ఇస్రాయేలు అనే ఆయన, మన దిక్కు మనిషే, దాని తల నిమిరి ఆగిపోయాడు.

"తలమీద నరం మంచిగ కనవడుతాంది చెల్లె. గని గివి పుట్టెంటికెలు గద. మొక్కు ఉన్నదా?"

"ఉన్నది."

"మరి ఇంటాయన్ను పిలుస్తవా? పెద్దోళ్లను అడుగుతవా? అందాక నేను ఇంకోసారి కాలు సూస్త."

పిలవడానికీ అడగడానికీ వ్యవధి ఎక్కడిది? మళ్లీ గుచ్చితే బిడ్డ తట్టుకునేట్టు లేదు.

"నన్ను చెల్లె అన్నవు గద అన్నా. చెల్లె బిడ్డకు నువ్వు ఏమైతవు?" అన్నాను.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతులు తుడుచుకున్నాడు. "మేనమామనైత," అన్నాడు.

"అయితే మొదటి కత్తెర నువ్వే పెట్టు."

పెట్టాడు, బావా. ఆయన మెడలో శిలువ ఉన్నది. కళ్లు మూసుకొని ఏదో తలుచుకొని, మన బిడ్డ కుడి కణత మీద మొదటి కత్తెర పెట్టాడు. తర్వాత అరచేతి మేర గొరిగి, ఒక్క వెంట్రుక కింద పడకుండా నా కొంగులో పోశాడు. నువ్వు పైకి వచ్చేసరికి తల చుట్టూ పట్టీ కట్టి ఉన్నది, నువ్వు సూదినే చూశావు. ఆ దినం నుంచి దాని తలకు కట్టిన కుల్ల టోపీ మీ ముందు తీయలేదు. చలి అని చెప్పాను. భాద్రపదం ఉక్కలో కూడా చలి అనే చెప్పాను, మీ మగవాళ్లు నమ్మారు. అత్తకేమో పట్టీ అంటుకొని అక్కడ వెంట్రుకలు ఊడాయని చెప్పాను. మా తమ్ముడు శివకృష్ణకు తెలిస్తే, సొంత మేనమామను నేనుండగా ఇంకొకడెవడని అలుగుతాడు. అలగనీ.

కాబట్టి మామ కాపాడుతున్న ఆ మొదటి కత్తెర ఎప్పుడో పడింది. వెంట్రుకలు పసుపు గుడ్డలో ముడుపు కట్టి, మల్లన్న పటం వెనుక దాచాను. నీ ప్రశ్నకు నేనంత మండిపడింది కూడా ఇందుకే. దేవునికి కోపమొచ్చే పని చేశానా అని ఐదు నెలలుగా నన్ను నేనే అడుగుతున్నాను. బిడ్డకు దగ్గొస్తే చాలు, ఆ కత్తెర గుర్తొచ్చేది.

నిన్న పట్నం సంచి సర్దుతూ, ముడుపు వెంట తీసుకుపోదామని పటం వెనుక చెయ్యి పెట్టాను. వేళ్లకు పసుపు అంటింది. మల్లన్న బండారి, పొర మీద పొరగా, పై పొర ఇంకా తాజాగా ఉన్నది. నేను పెట్టింది కాదు. తిరిగి చూస్తే అత్త గడపలో నిలబడి ఉన్నది.

"ఐదు నెలల సంది ఆయితారం ఆయితారం నేనే పెడుతున్న. రోజు నీళ్లు పోసేదాన్ని, దాని తల నాకెర్క గాదా? నీళ్లు పోసినంక కుల్ల కట్టేది ఎవలనుకున్నవు?"

"మరి మామ..." అన్నాను.

"దేవునికి ఎన్నడో ముట్టినయి. మీ మామకే ఇంక ముట్టలే. నువ్వు సంచి కట్టు."

నీ తల్లి కాళ్లు పట్టుకొని ఏడ్చాను, బావా. ఐదు నెలల ఏడుపు.

బుధవారం మొదటి బస్సుకు నేనూ అత్తా బిడ్డను తీసుకొని పోతున్నాం. తండ్రి సంతకం ఉండాలా అని అడిగితే, తల్లిది చాలన్నారు. అందుకని నిన్ను సంతకానికి రమ్మనడం లేదు. బిడ్డను లోపలికి ఇచ్చేముందు కుల్ల తీయాలట. ఆ సమయానికి నా చేతిలో పెన్ను ఉంటుంది, అత్త చేతిలో బండారి ఉంటుంది. కుల్ల పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. మందను చిన్నాయనకు అప్పగించి రా.

ఇట్లు,
నీ మేనమామ బిడ్డ, నవనీత తల్లి,
భాగ్యలక్ష్మి.