ద్వారబంధం ఎత్తిన రోజు

అమ్మా,

నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. పెంకులన్నీ దింపేశాక ఈ పాత ఇంట్లో గుసగుసలాడినా పక్కింటికి వినిపిస్తోంది. అందుకే ఫోన్ చేయకుండా ఉత్తరం రాసి కవరులో పెడుతున్నాను.

నాకు మూడో నెలని నీకూ మీ అల్లుడికీ తప్ప ఎవరికీ తెలియదు కదా. నిన్న కొత్త ద్వారబంధం ఎత్తబోతూ మేస్త్రి తిరుమలరావు ఆగి, "ఇంట్లో కడుపుతో ఉన్నోలు ఎవులైనా ఉన్నారేటమ్మా? ఉంటే ఇప్పుడే సెప్పీండి. పురుడయ్యేదాకా నాను ఈ పని ముట్టుకోను" అన్నాడు. అత్తయ్య నావైపు చూశారు. ఎవరూ లేరన్నాను. సముద్రంలో వాయుగుండం ఉందంటున్నారు, ఇంటికి చూస్తే కప్పు లేదు. ఇప్పుడు పని ఆగితే ఈ మట్టిగోడలు ఒక్క వానకు కూడా నిలవవు. ద్వారబంధానికి పసుపు కుంకుమ నాచేతే పెట్టించారు. బొట్లన్నీ వంకరపోయాయి.

కప్పు వేసేదాకా నువ్వు పళ్లూ స్వీట్లూ పట్టుకుని రావద్దు. తమ్ముడితో ఎండు నెత్తళ్లు అసలే పంపకు, ఆ ఎండుచేపల వాసనకే దొరికిపోతాను. నాన్నకు కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఈసారి ఎంత వచ్చింది? మాత్రలు మానేస్తే ఊరుకోకు.

నిన్న సాయంత్రమే పెరట్లో వాంతి చేసుకుంటుంటే ఇటుకలు మోసే పోలమ్మ చూసేసింది. గబగబా నోరు తుడుచుకున్నాను. ఆమె చెంబుతో నీళ్లిచ్చి మెల్లగా అంది: "నాను సెప్పనమ్మా. నాకూ నాలుగో నెలే. మేస్త్రికి తెలిత్తే రేపట్నుంచి రావద్దంతాడు."

నాన్నకు నమస్కారాలు. దేవుడికి దండం పెట్టేటప్పుడు నా పేరుతోపాటు ఆమె పేరూ చెప్పు.

నీ యామిని