సిపాయికి దాహం

మార్చి 3, ఉదయం
వచ్చేసింది! యుక్కా చెట్టు! నా నడుమెత్తు కాండం, పైన చుట్టూరా కత్తుల్లాంటి ఆకులు. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుందట. ఉప్పుగాలికి జంకదట. మా అమ్మాయి చూడగానే "సిపాయి!" అంది. పేరు ఖాయం.

నర్సరీ ఆయన చెప్పిన జాగ్రత్త ఒక్కటే. "నాటేసి మర్చిపోండమ్మా. నెలకోసారి నీళ్లు చాలు. ఎక్కువైతే కుళ్లిపోతుంది."

ఇంటిముందు ఇసుకనేలలో నేను వేసిన గులాబీలు, బంతులు, మిరపలు అన్నీ పోయాయి. రేవులో క్రేను నడిపే మా ఆయన తేల్చి చెప్పేశారు. "ఇదే ఆఖరు. ఇదీ పోతే అక్కడ సిమెంటు చేయించేస్తా. స్కూటరైనా పెట్టుకోవచ్చు."

మా ఇంటికి ఉన్న నేలంతా ఆ చాపంత చోటే. సిమెంటుకి ఇవ్వను గాక ఇవ్వను!

తీర్మానం: నెల దాకా చుక్క నీరు పోయను. ఎవరూ పోయకూడదు. అత్తయ్యతో సహా అందరిచేతా ఒట్టు వేయించాను.

మార్చి 4
పోయలేదు! ఏ పనీ చేయకపోవడమే పని. ఇంత సుఖమైన తోటపని ఉందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?

మార్చి 7, మధ్యాహ్నం
ఎండ మండిపోతోంది. కిటికీ పక్కన మిషను కుడుతూ సిపాయినే చూస్తున్నాను. ఒక ఆకు కొస వాడినట్టుంది. ఎవరిదో చొక్కాకి చెయ్యి తిరగేసి కుట్టేశాను. విప్పాలి.
అయినా పోయలేదు.

మార్చి 9
పోయలేదు. మొహం కడిగానంతే. ఆకుల మీద దుమ్ము పడితే చూస్తూ ఊరుకోనా? మగ్గుడు నీళ్లు కిందికి కారితే అది నా తప్పా?

మార్చి 13
మళ్లీ మొహం కడిగాను. స్నానం వేరు, తాగడం వేరు.
ఇసుక చిత్తడిగా ఉంది. ఇన్ని నీళ్లు నావి కావు. సముద్రపు తేమ అయ్యుంటుంది.

మార్చి 16
సిపాయి మొదలు చుట్టూ ఇసుక నీలంగా ఉంది!
అమ్మాయిని పిలిచి అడిగాను. "బొమ్మలేసి బ్రష్షు కడిగిన నీళ్లమ్మా."
"ఒట్టేశావుగా!"
"నీళ్లు పోయనని వేశాను. ఇవి రంగు."
ఎవరి పోలికో!

మార్చి 22, తెల్లవారుతూనే
ఆకులు పసుపు రంగుకి తిరిగాయి. దాహమే! ఇంకేమవుతుంది? చెంబు పట్టుకుని పరుగెత్తాను.

అక్కడ అత్తయ్య! గిన్నె వంచుతూ, "తాగు నాన్నా, మీ అమ్మకి జాలి లేదు" అంటున్నారు. బియ్యం కడిగిన నీళ్లట. రోజూనట!

ఇద్దరం వాదించుకుంటుంటే గేటు చప్పుడైంది. డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన మమ్మల్ని చూడలేదు. తిన్నగా సిపాయి దగ్గరికెళ్లి సీసా మూత తీసి వంచారు.
"ఏమండీ!"
"మిగిలిపోయిన నీళ్లే... పారబోయడం ఎందుకనీ..."
సిమెంటు వేయిస్తానన్న మనిషి! ముగ్గురం అక్కడే కూలబడి కడుపుబ్బ నవ్వుకున్నాం.

మార్చి 27
సిపాయి పడిపోయాడు. గాలి కూడా లేదు. మొదలంతా గుజ్జు. మిషను వదిలేసి వెక్కివెక్కి ఏడ్చాను.

నర్సరీ ఆయనకి ఫోన్ చేశాను. "తల గట్టిగా ఉందా? అయితే కోసి నీడలో ఆరబెట్టి, పొడి ఇసుకలో పాతండి. ఈసారి మాత్రం..."
"తెలుసండీ, తెలుసు."
మా ఆయన కూడా ఫోన్ చేశారు. తాపీమేస్త్రీకి.

ఏప్రిల్ 2
మేస్త్రీ సిమెంటు సంచితో దిగాడు. సిపాయి తలని ఒళ్లో పెట్టుకుని ఆ చోట్లోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎవరు చెప్పినా లేవను!

మా ఆయన వచ్చారు. "కూర్చో. పని అక్కడ కాదు." మేస్త్రీని గోడవైపు తీసుకెళ్లి తోట కుళాయి చూపించారు. "దీన్ని సిమెంటుతో పూర్తిగా మూసెయ్యి."
"బాగానే వస్తోంది కదండీ నీళ్లు?"
"అదే మా జబ్బు."
మేస్త్రీ ఉన్నాడని ఆగాను గానీ, మా ఆయన్ని వాటేసుకునేదాన్నే.

ఏప్రిల్ 3
తల పాతాం. సిపాయి ఇప్పుడు మోకాలెత్తు కూడా లేడు. అయినా ఠీవికేం తక్కువ లేదు!

తీర్మానం: నెల దాకా చుక్క నీరు పోయను. అందరం మళ్లీ ఒట్టేశాం. ఈసారి రంగు నీళ్లు, బియ్యం నీళ్లు, సీసా నీళ్లు, మొహం కడగడం అన్నీ కలిపి.

సాయంత్రం
మేస్త్రీ వెళ్తూ చెప్పాడట, కొత్త సిమెంటుని వారం రోజులు తడుపుతూ ఉండాలని. చెంబుతో నేను, గిన్నెతో అత్తయ్య, సీసాతో ఆయన, బ్రష్షు కప్పుతో అమ్మాయి. మూసేసిన కుళాయి ముందు నలుగురం వరస కట్టాం. పొద్దుటినుంచీ ఎన్నిసార్లు తడిపామో!

సిపాయికి ఒక్క చుక్క పోయలేదు. వారం తర్వాత సంగతి తలుచుకుంటేనే భయంగా ఉంది.