జెంటూ పక్షుల దీవి నుంచి

నాయనకు, అమ్మకు నరసింహులు చేతులెత్తి మొక్కి రాసుకునేది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. మీరూ, అవ్వా, ఓబులేసూ, ఎర్రావూ దాని దూడా అందరూ బాగున్నారని తలుస్తాను. అవ్వ కంటికి పొర ఎట్లుంది? ఈ ఉత్తరం చదివి వినిపించే బడి అయ్యవారికి కూడా దండాలు. అక్షరాలు వంకరగా ఉన్నాయంటే చదువు మరిచిపోయి కాదు, చలికి వేళ్ళు మొద్దుబారాయి. పెన్సిలు చేతిలో ఉందో జారిందో చూస్తే గాని తెలియదు. అంతే, ఇంకేమీ లేదు. దిగులు పడొద్దు.

మీ ఉత్తరం చేరింది. గోస్పాడు పెదనాయన తమ్ముడు ఓబులేసును దత్తత అడిగాడని రాశారు. అక్కడ కాలువ నీళ్ళున్నాయి, వరి అన్నం తింటాడు అన్నారు. ఒక్కగానొక్క కొడుకును దత్తత ఇయ్యకూడదని అహోబిలం స్వామి అడ్డం చెప్పాడట. పెద్దవాడు బతికే ఉన్నాడని, తిరిగి వస్తాడని వాడి చేతిరాత తెచ్చి చూపించమన్నాడట. అందుకని "వస్తానని ఒక్క ముక్క రాయి" అన్నారు. "మీ అమ్మ ఏమీ అనలేదు" అని కూడా నాయన రాయించాడు. ఆ ముక్క కోసమే కూర్చున్నాను. ముందు ఇక్కడి సంగతి చెప్తాను.

మా ఓడ బొగ్గు దించడానికి వచ్చి ఇంజను చెడిపోయి ఈ దీవిలోనే నిలిచిపోయింది. నంద్యాల దస్తగిరన్న, నన్ను మద్రాసు తీసుకుపోయి ఓడలో చేర్చినాయన, నాతోనే ఉన్నాడు. ఓడలో వంట ఆయనదే. ఇక్కడ ఒక్క చెట్టు లేదు. మంచు, రాయి, సముద్రం. తిమింగలాలను కోసి నూనె కాస్తారు. మొదట్లో ఆ కంపుకు అన్నం దిగేది కాదు. ఇప్పుడు కంపు తెలియడం లేదు. చలీ తెలియడం లేదు. తింటున్నాను, నిద్రపోతున్నాను.

ఇక్కడ ఎగరలేని పక్షులు ఉన్నాయి. మనుషుల మాదిరి నిలబడి నడుస్తాయి. పెంగ్విన్లు అంటారు. అన్నీ ఒకటే అనుకున్నాను, కాదు. నాలుగు రకాలు చూశాను. మా వంటకు వాటి గుడ్లు ఏరుకురావడం నా పని.

ఒక రకానికి ముక్కు ఎర్రగా ఉంటుంది. ఒక కంటి నుంచి ఇంకో కంటి దాకా తల మీదుగా తెల్లటి పట్టె, విభూతి పూసినట్టు. గులకరాళ్ళు కుప్ప పోసి రెండు గుడ్లు పెడుతుంది. బెదురు పక్షి, మనిషి కనబడితే పక్కకు తప్పుకుంటుంది. నేను రెండింట్లో ఒకటే తీశాను. అమ్మ చెప్పింది కదా, గూట్లో ఒక గుడ్డు వదలాలి, అంతా తీస్తే కోడి గూడు మారుస్తుందని. నా బుట్ట చూసి దస్తగిరన్న నవ్వాడు.

"ఏందిరా నర్సిమ్మా, సగం బుట్టే తెచ్చినావ్?"

"గూటికి ఒగటి ఇడిసిపెట్టినా అన్నా. లేకుంటే గూడు మారుస్తాది."

"మార్చి యాడికి పోతాదప్పా? ఆడా మంచే, ఈడా మంచే."

పక్షుల మీద పుస్తకం రాసుకునే ముసలి దొర ఒకాయన ఇక్కడ ఉన్నాడు. హిందుస్తానీ వచ్చు. ఆ తెల్ల పట్టె పక్షి పేరు జెంటూ అని చెప్పాడు. వెనకటి కాలంలో మద్రాసులో దొరలు తెలుగువాళ్ళను కూడా జెంటూలు అనేవాళ్ళట. దస్తగిరన్న అది విని పడీ పడీ నవ్వాడు. "ఇన్నావా? అది నీ చుట్టమేరా. నిన్ను చూస్తే బెదురుతాది, నువ్వు దాన్ని చూస్తే బెదురుతావ్!" ఆ రోజు నుంచి నన్ను జెంటూ అనే పిలుస్తున్నాడు.

రెండో రకానికి గడ్డం కింద సన్నటి నల్ల గీత, పోలీసు టోపీకి తాడు కట్టినట్టు. ఇవి ఇక్కడ కొన్నే ఉన్నాయి. చిన్నవే గాని అరుపులు ఎక్కువ. జెంటూ తప్పుకుంటుంది, ఇది మీదికి వస్తుంది. నా పిక్క కరిచింది. మానిపోయింది.

మూడోది జుట్టు పక్షి. కళ్ళ మీద పసుపు పచ్చని కుచ్చులు. కొండ చరియల మీద ఉంటుంది, మహా కోపం. దాని గూళ్ళలో ఒకటి చిన్న గుడ్డు, ఒకటి పెద్ద గుడ్డు చూశాను. వంటకు పెద్దది మంచిదని పెద్దవి తీసుకొని చిన్నవి వదిలాను. ఏదో ఒకటి ఉంటే పొదుగుతుంది కదా అనుకున్నాను. మరుసటి రోజు పోతే చిన్న గుడ్లన్నీ గూళ్ళ బయట రాళ్ళ మీద పగిలి ఉన్నాయి. వేరే పక్షులు తింటున్నాయి. గూళ్ళు ఖాళీ.

దొరను అడగమన్నాను. దస్తగిరన్న అడిగి వచ్చాడు.

"అది ముందు పెట్టే గుడ్డంట. ఎప్పుడూ చిన్నదేనంట. రెండోది పెద్దది వస్తానే మొదటిదాన్ని అదే బైటికి తోసేస్తాదంట. నువ్వు ఉంచల్సిందాన్ని తీస్కోని, పారేసేదాన్ని ఉంచినావ్."

"తల్లే తోసేస్తాదా?"

"తల్లే. దొర చెప్పినాడు, నేను గాదు."

నాకు ఏమీ అనిపించలేదు. ఖాళీ బుట్ట పట్టుకొని జెంటూల వైపు పోయాను. చెయ్యి తిమ్మిరెక్కింది.

నాలుగోది రాజు పక్షి. అన్నిటికంటే పెద్దది, మన ఓబులేసు రొమ్ము దాకా వస్తుంది. మెడకు రెండు పక్కలా నారింజపండు రంగు. దీనికి గూడు లేదు. ఒకటే గుడ్డు. దాన్ని పాదాల మీద పెట్టుకొని పొట్ట చర్మం కప్పుకుంటుంది. ఆడదీ మగదీ మార్చి మార్చి మోస్తాయి. పిల్ల పుట్టాక ఏడాది దాటినా మేపుతూనే ఉంటాయట. జెంటూ గుడ్డు పోతే మళ్ళీ పెడుతుంది, ఇది అట్లా కాదు. ఒకసారి చెయ్యి పెట్టాను. రెక్కతో ముంజేతి మీద కొట్టింది. కమిలింది గాని నొప్పి తెలియలేదు. మళ్ళీ చెయ్యి పెట్టలేదు.

నాయనా, ఇంకో మాట. మీ ఉత్తరం మడతలో, జిగురు కింద, ఓబులేసు పెన్సిలుతో రాశాడు. మీరు చూసి ఉండరు. "అన్నా నువ్వు రావద్దు. వస్తే నన్ను ఇచ్చేస్తారు" అని. స్వామి మాట వాడు చాటున విన్నట్టున్నాడు. వాణ్ణి కొట్టొద్దు. వాడు అబద్ధం రాయలేదు.

నూనె పీపాల ఓడ ఒకటి రేపు కేప్‌టౌన్ పోతుంది. ఇంటికి పోయేవాళ్ళను అందులో ఎక్కించుకుంటామన్నారు. మీ ఉత్తరం రాకముందే నా పేరు రాయించుకున్నాను. నిన్న పోయి కొట్టేయించాను. దస్తగిరన్న పరిగెత్తుకొని వచ్చాడు.

"ఏందప్పా, తిక్క పట్టిందా? ఇంగో ఓడ ఎప్పుడొస్తాదో ఏమో!"

"నువ్వు పో అన్నా. నేను ఉంటా."

"మీ నాయన అడిగితే ఏం జెప్పల్ల?"

"ఉత్తరం ఇచ్చినాడని చెప్పు."

"మొండోడా" అన్నాడు. తన ఉన్ని టోపీ తీసి నా తలకు తొడిగాడు.

కాబట్టి ఈ ఉత్తరం ఆయన చేతనే పంపుతున్నాను. ఆయనకు జొన్నరొట్టె, గోంగూర పెట్టండి, అదొక్కటే కోరుకుంటాడు. నా గురించి గుచ్చి గుచ్చి అడగొద్దు. మీరు అడిగిన చేతిరాత ఇదే, బతికే ఉన్నాను. వస్తానని మాత్రం రాయను. స్వామి అడిగితే ఇంట్లో ఒక్కడే కొడుకు ఉన్నాడని చెప్పండి. అందులో తప్పు లేదు. ఓబులేసు కొర్రన్నమైనా మీ దగ్గరే తిననీ.

నాకు ఇక్కడ ఏ కొరతా లేదు. అవ్వకు నా మొక్కులు. దీవించేటప్పుడు చల్లగా ఉండమని మాత్రం అనొద్దు, అది ఇక్కడ చాలినంత ఉంది. అమ్మ ఈ ఉత్తరం విన్నాక ఏమన్నా అంటే, అన్నది అన్నట్టు అయ్యవారి చేత రాయించండి.

ఓబులేసూ, నీ మాట విన్నాను. బడికి పో.

ఇట్లు
నరసింహులు