ఫోన్ ఎత్తే టైలరు గారికి

టైలరు గారికి, మీ మీటింగుకొచ్చే కుర్రాడి తండ్రి ఎవరిచేతా రాయించకుండా తనే రాస్తున్న ఉత్తరం.

తాగుడు మానేవాళ్ల మీటింగు ఎక్కడుందో వాకబు చేసి, మావాణ్ణి మీ గుమ్మం దాకా తెచ్చింది నేనే. లోపలికి తాగేవాళ్లే రావాలన్నారు. నేనూ తాగుబోతునే అని అబద్ధమాడితే మీరు నవ్వి, బయట కుర్చీ వేశారు. జన్మలో చుక్క ముట్టలేదు, అదీ నా తప్పేనా?

ఇప్పుడు వాడికి తాగాలనిపిస్తే, ఒకప్పుడు తాగి మానేసిన మీకే ఫోను. గోడ అవతల మీతో ఏడుస్తాడు, నవ్వుతాడు. నేను తలుపు తీస్తే "ఏం లేదు నాన్నా" అంటాడు. నాకు ఒళ్లు మండిపోతుంది. ఒక్కసారి మీరు ఫోను ఎత్తకపోతే నా దగ్గరికొస్తాడేమో.

వద్దులెండి, ఎత్తండి. ఎత్తి, "పోయి మీ నాన్నతో మాట్లాడరా" అనండి. మీరు చెబితేనే గదా వాడు వినేది.