నిన్ను దించిన చోటు

రాజవ్వా,

ముందుగాల ఒక మాట. నా చేతిరాత నీకు తెలిసిందే. నాలుగో తరగతిలో బడి మానినవాణ్ణి, ఇప్పుడు చూపు కూడా తగ్గింది. గీతలు వంకర పోతాయి, ఒత్తులు తప్పుతాయి... నవ్వకుండా చదువుకో. నువ్వు పోయి మొన్నటి కార్తీకానికి రెండేళ్లు.

పాణం బాగానే ఉంది. బర్రెను అమ్మేశాను. చెల్పూర్ వచ్చి ఉండమని బిడ్డ రోజూ ఫోన్ చేస్తుంది. పోలేదు. ఎందుకు పోలేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

మన వాడ వెనుక చెలక అమ్ముడుపోయింది. ఘన్‌పూర్‌లో ఇప్పుడు ఎవరూ ఎకరం అనడం లేదు, గజం అంటున్నారు. కొన్నాయన గోడకు గోడ ఆనించి వరుసగా రెండంతస్తుల ఇండ్లు కడతాడట. టౌన్ హోమ్స్ అంటారట. చుట్టూ ప్రహరీ, ఒక గేటు, గేటుకు కాపలా. కాగితం మీద బొమ్మ చూపించారు. బొమ్మలో పూలచెట్లున్నాయి, పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. మన బండ్లబాట మాత్రం లేదు.

ఆ బాట మీదనే కదా నిన్ను తీసుకుపోయింది.

వాడలో అందరికీ భయాలున్నాయి. బోర్లు ఎండుతాయని కొందరు, వాళ్ల మోరీ నీళ్లు మన ఇండ్లలోకి వస్తాయని కొందరు. నా భయం వేరు. బాట సగంలో, తుమ్మచెట్టు కింద బండ ఉంది కదా... వాడలో ఎవరు పోయినా పాడెను అక్కడ దించుతాం. చెవిలో మూడుసార్లు పిలుస్తాం, లేస్తారేమోనని. ఆ దింపుడు కళ్లం మీదనే గేటు వస్తోంది.

మనకు కొడుకు లేడని నన్నే పిలవమన్నారు. నలభై ఏళ్లు "ఇగో" అన్నానే తప్ప నీ పేరు నా నోట రాలేదు. ఆ రోజు మొదటిసారి వచ్చింది. మూడోసారి పిలిచాక, జర ఆగమని మోసేవాళ్లకు చెయ్యి చూపించాను. ఎంతసేపు ఆగారో తెలియదు. నువ్వు విన్నావా?

కిందటి నెల అభ్యంతరాలు వింటామని ఆఫీసర్లు వచ్చారు. బడి ముందు టెంట్ వేశారు. బాట సంగతి పెద్దవాణ్ణి నేనే చెప్పాలని వాడంతా అనుకున్నారు. "కాకా, నువ్వు ఒక్క ముక్క అను, ఎన్క మేమున్నం" అన్నాడు పక్కింటి ఎల్లయ్య. వారం రోజులు ఇంట్లో ఒక్కణ్ణే చెప్పుకొని చూసుకున్నాను.

మైకు చేతిలో పెట్టారు. ఆఫీసరమ్మ మంచిదే. "చెప్పండి తాతా, మీకేమన్నా ఇబ్బందా" అని అడిగింది. చెప్పాలంటే నీ పేరు చెప్పాలి. అంతమందిలో...

"ఏం లేదమ్మా" అన్నాను.

బాట మీద అభ్యంతరం లేదని రాసుకున్నారు.

నువ్వుంటే ఏమనేదానివో తెలుసు. "నీతోని మాట్లాడుడు కంటె దూడ నయం, అదన్న అంబా అంటది." వాడలో ఎవరూ ఆ మాట కూడా అనలేదు. ఎల్లయ్య నా దిక్కు చూడడం మానేశాడు.

తరువాతి వారమే బాటకు అడ్డంగా రేకులు పాతారు. పది రోజుల కింద ఎల్లయ్య తల్లి పోయింది. నీతో నాట్లకు వచ్చే కొమురవ్వ. వ్యాన్‌లో పెట్టి మెయిన్ రోడ్డు మీంచి తిప్పి తీసుకుపోయాం. మధ్యలో ఆపమంటే, వెనుక లారీలున్నాయని డ్రైవర్ ఆపలేదు. ఎల్లయ్య కదిలే బండిలోనే వంగి, "అవ్వా, అవ్వా" అని పిలిచాడు. ఆ హారన్లలో ఆమెకేం వినబడి ఉంటుంది? ఎదురుగా కూర్చుని నేను నా చెప్పులు చూసుకున్నాను.

ఇవాళ రేకుల సందులోంచి దూరి పోయాను. తుమ్మచెట్టు కొట్టేశారు. బండ ఉంది. దాని మీదుగా సున్నంతో గీత గీశారు. కాపలాదారు వచ్చి, "గీడ ఏం పని తాతా" అన్నాడు.

ఈసారి చెప్పాను. "నా భార్యను ఈడ దించినం. రాజవ్వ." పేరు కూడా చెప్పాను, చూడు.

అతను చేతికర్ర చంకలో పెట్టుకున్నాడు. "ఎల్లుండి జేసీబీ వస్తది. గప్పటిదాంక కూసో" అన్నాడు.

కూర్చుని మళ్లీ మూడుసార్లు పిలిచాను. ఆ రోజు నువ్వు మెల్లగా పలికితే, ఏడుపుల్లో నాకే వినబడలేదేమో... అట్ల అయి ఉంటుందా?

సోమవారం జనగామ పోయి కలెక్టర్ ఆఫీసులో చెబుతాను. మాట ఇస్తున్నాను. అప్పటికి బండ ఉండదు. అయినా చెబుతాను.

రేపు పొద్దున్నుంచి అక్కడే కూర్చుంటాను. పలికేదుంటే జర జల్ది పలుకు. ఇంకొక్క రోజే ఉంది.